నెల సరుకుల చీటీ ఎటు పోయింది?

తగరపువలసలో నేను ఏళ్లుగా సరుకులు కొనే కిరాణా కొట్టులో గల్లాపెట్టె పక్కన ఇనుప చువ్వ ఒకటి నిలబెట్టి ఉంటుంది. నెల సరుకుల చీటీలు దానికి గుచ్చుతారు. ఒకటో తారీఖు మొదలు వారం రోజులు ఆ చువ్వ నిండుగా ఉండేది. నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం మీద ఇల్లాలి చేతిరాత: బియ్యం బస్తా, కందిపప్పు మూడు కిలోలు, మినపగుళ్లు రెండు, పొద్దుతిరుగుడు నూనె నాలుగు ప్యాకెట్లు, చింతపండు, ఎండుమిర్చి, బట్టల సబ్బులు డజను. అట్టడుగున, మరిచిపోయి మళ్లీ గుర్తొచ్చినట్టు, ఇంగువ. ఒక కుర్రాడు చీటీ చదువుతుంటే ఇంకో కుర్రాడు కాటా మీద పోసేవాడు. మధ్యాహ్నానికల్లా సైకిలు మీద సరుకులు ఇంటికి చేరేవి.

ఈమధ్య ఆ చువ్వ దగ్గర నిలబడి చీటీలు చూశాను. చీటీల సంఖ్య పెద్దగా తగ్గలేదు. చీటీలే పొట్టివయ్యాయి. ఇంగువ ఉంది, ఆవాలు ఉన్నాయి, అగరొత్తులు ఉన్నాయి. బియ్యం బస్తా లేదు, నూనె లేదు, సబ్బులు లేవు. యజమానిని అడిగితే హైవే వైపు చెయ్యి చూపించాడు. "ఆ మూడూ మార్ట్‌కి వెళ్లిపోయాయండి. మనకి ఇవి మిగిలాయి."

పెద్ద డిస్కౌంట్ దుకాణం అందుబాటులోకి వచ్చినప్పుడు ఊరి వ్యాపారంలో ఏం జరుగుతుందన్న చర్చ దేశంలో ఇరవై ఏళ్లుగా నడుస్తోంది. ఒకవైపు వాళ్లు చిన్న కొట్లన్నీ మూతపడతాయంటారు. రెండోవైపు వాళ్లు కొట్లు ఎక్కడ మూతపడ్డాయో చూపించమంటారు, పైగా ధరలు తగ్గి జనం బాగుపడ్డారు కదా అంటారు. రెండు పక్షాలూ లెక్కపెట్టేది షట్టర్లనే. నాకు మాత్రం చీటీని లెక్కపెట్టాలనిపిస్తుంది. డిస్కౌంట్ దుకాణం కొట్టును మూయించదు, నెలను రెండుగా చీలుస్తుంది. రొక్కంతో, మొత్తంగా కొనే మొదటి వారాన్ని తాను తీసుకుంటుంది. అప్పుతో, చిల్లరగా కొనే మిగతా మూడు వారాలనూ వీధి కొట్టుకు వదిలేస్తుంది. దేశంలోనూ బయటా జరిగిన అధ్యయనాలను ఈ దృష్టితో చదివితే పరస్పరం పొసగనట్టు కనిపించే ఫలితాలు చాలావరకు పొసగుతాయి.

ముందు ఈ ఊరి సంగతి కొంత చెప్పాలి. తగరపువలస గోస్తని ఒడ్డున, విశాఖ నుంచి విజయనగరం, శ్రీకాకుళం వైపు వెళ్లే జాతీయ రహదారి మీద ఉంది. భీమునిపట్నం మునిసిపాలిటీలో భాగంగా ఉండి, తర్వాత విశాఖ మహానగరపాలక సంస్థలో కలిసింది. పేరుకు నగరమే కానీ, బజారు ఇప్పటికీ చుట్టుపక్కల పల్లెలది. భీమిలి తీరంలోని మత్స్యకార గ్రామాలు, ఆనందపురం, పద్మనాభం, భోగాపురం వైపు రైతులు ఇక్కడికే వస్తారు. పక్కనే చిట్టివలస జూట్ మిల్లు. 2009లో అది లాకౌట్ అయ్యేదాకా ఇక్కడి బజారుకు మిల్లు జీతాలే ఊపిరి. ఇప్పుడు ఆ చోటులోకి సంగివలస చుట్టూ ఉన్న ఇంజినీరింగ్, మెడికల్ కాలేజీల విద్యార్థులు, తీరం పొడవునా ఉన్న మందుల కంపెనీల ఉద్యోగులు, హైవే పక్కన లేచిన అపార్ట్‌మెంట్లవాళ్లు వచ్చారు. భోగాపురంలో విమానాశ్రయం పనులు మొదలయ్యాక ఈ దారిలో స్థలాల ధరలు ఎలా ఉన్నాయో ఇక్కడివాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

అంటే ఒకే బజారులో రెండు రకాల ఇళ్లున్నాయి. నెల మొదట్లో బ్యాంకులో జీతం పడే ఇల్లు ఒకటి. ఏ రోజు వేట ఆ రోజుకి, ఏ వారం కూలి ఆ వారానికి అన్నట్టు నడిచే ఇల్లు ఇంకొకటి. గొలుసు దుకాణాల కంపెనీలు ఇలాంటి ఊళ్ల మీద కన్నేసేది మొదటి ఇంటి కోసం. వీధి కొట్టు బతికింది మాత్రం రెండింటినీ కలిపి నడపడం వల్ల. మొదటి ఇంటి రొక్కంతో హోల్‌సేల్ బాకీ కట్టి, ఆ ఊపిరితో రెండో ఇంటికి అప్పు ఇచ్చేది. ఈ లంకె ఎప్పుడూ ఎవరూ కాగితం మీద పెట్టలేదు గానీ, ఊళ్లో అప్పు పుట్టేది దీనివల్లే.

ఇక ధర ఎలా తగ్గుతుందో చూడాలి. దీని మీద ఉన్నన్ని అపోహలు ఇంకే విషయం మీదా లేవు. కల్తీ సరుకని, పాత సరుకని, నష్టానికి అమ్మి జనాన్ని పట్టుకుంటున్నారని బజారులో అనుకుంటారు. అసలు కిటుకు ఇంతకన్నా సాదా అయినది, ఇంతకన్నా బలమైనది. ప్యాకెట్ సరుకు మీద ఎమ్మార్పీ ముద్ర వేయడం మన దేశంలో 1990 నుంచి ఉంది. అది గరిష్ఠ ధర. అంతకు మించి అమ్మకూడదు, తగ్గించి అమ్మితే అడ్డులేదు. చిన్న కొట్టు ఆ ముద్ర దగ్గరే అమ్ముతుంది, ఎందుకంటే దాని లాభమంతా ఏజెన్సీ వదిలిన ఆ కాస్త తేడాలోనే ఉంది. డిస్కౌంట్ దుకాణం ఆ తేడాలో సగం వదులుకున్నా నిలుస్తుంది.

డీమార్ట్‌నే తీసుకుందాం. రాధాకిషన్ దమానీ 2002లో ముంబయి పొవాయ్‌లో మొదటి దుకాణం తెరిచారు. 2025 మార్చి నెలాఖరుకు దేశంలో వాటి సంఖ్య 415. తెలుగు రాష్ట్రాలు రెండూ ఆ కంపెనీ గట్టిగా పాతుకున్న చోట్లే. చాలా దుకాణాలకు స్థలం సొంతం, లేదా దీర్ఘకాలపు లీజు. అందుకని నెలనెలా అద్దె పెరుగుతుందన్న బెంగ లేదు. సరుకు ఇచ్చినవాళ్లకు నెలలు తిప్పకుండా కొద్ది రోజుల్లోనే డబ్బు కడుతుంది. త్వరగా కట్టినందుకు తయారీదారు ధర తగ్గిస్తాడు. ఆ తగ్గింపును మళ్లీ అమ్మకం ధరలోకి దించుతుంది. దుకాణంలో అలంకారం తక్కువ. ఒక్కో రకంలో వేగంగా కదిలే బ్రాండ్లే ఉంటాయి, అరలో సరుకు నిలవ ఉండదు. ఇంత చేశాక వంద రూపాయల అమ్మకంలో సరుకు ఖరీదు పోను దాదాపు 15 రూపాయలు మిగులుతాయి. కిరాణా వర్తకులకు ఇందులో తెలియని సూత్రమేమీ లేదు. లాభం అమ్మేటప్పుడు కాదు, కొనేటప్పుడే పుడుతుందని విశాఖ పూర్ణా మార్కెట్‌లో సరుకు ఎత్తే ఏ వర్తకుడైనా చెబుతాడు. తేడా అంతా కొనే పరిమాణంలో ఉంది, రొక్కంగా కట్టగలిగే శక్తిలో ఉంది.

ఇంకొక రహస్యం బట్టల అరలోనూ, ప్లాస్టిక్ డబ్బాల అరలోనూ ఉంది. ఈ దుకాణాల అమ్మకాల్లో సగానికి పైగా తిండి సరుకులే, కానీ లాభం ఎక్కువ వచ్చేది బట్టలు, సామాన్ల మీద. పప్పు చవకని వెళ్లినవాళ్లు దుప్పటీ, టిఫిన్ డబ్బా కూడా బండిలో వేసుకుని వస్తారు. పప్పు ధర తగ్గించడానికి కావలసిన వెసులుబాటు ఆ దుప్పటీ ఇస్తుంది. వీధి కొట్టుకు దుప్పటీ లేదు. ఈ ఒక్క సంగతి గమనిస్తే ఇది కిరాణా కొట్టుకూ కిరాణా కొట్టుకూ మధ్య పోటీ కాదని తెలుస్తుంది. నష్టపోయేవాళ్లలో బజారులోని స్టీలు సామాన్ల కొట్టు, రెడీమేడ్ బట్టల కొట్టు కూడా ఉంటాయి. చర్చలో వాళ్ల ఊసే రాదు.

చిన్న కొట్లు ఊడ్చుకుపోతాయన్న జోస్యం కొత్తది కాదు. మన రాష్ట్రంలోనూ బయటా ఈ కథ చాలాసార్లు జరిగింది. హైదరాబాద్‌లో 1986లో మొదలైన త్రినేత్ర సూపర్ మార్కెట్లు ఉమ్మడి రాష్ట్రమంతా విస్తరించి, 2007 నాటికి ఆదిత్య బిర్లా గ్రూపు చేతిలోకి వెళ్లి 'మోర్' అయ్యాయి. రిలయన్స్ ఫ్రెష్ దేశంలో తన మొదటి దుకాణాలను 2006 నవంబరులో హైదరాబాద్‌లోనే తెరిచింది. మరుసటి ఏడాది రాంచీలో వీధి వ్యాపారులు ఆ దుకాణాల మీద దాడి చేశారు, ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం వాటిని మూయించింది. 1997లో చెన్నైలో పుట్టిన సుభిక్ష అచ్చమైన డిస్కౌంట్ గొలుసు. అలంకారం లేని చిన్న దుకాణం, ఎమ్మార్పీ మీద తగ్గింపు, వీధి వీధికీ ఒక శాఖ. 2008 నాటికి దాదాపు 1,600 దుకాణాలకు పెరిగింది. 2009 మొదట్లో చేతిలో రొక్కం ఆడక, జీతాలివ్వలేక కుప్పకూలింది. హెరిటేజ్ ఫ్రెష్ ఫ్యూచర్ గ్రూపుకు అమ్ముడుపోయింది. ఆ ఫ్యూచర్ గ్రూపు బిగ్ బజార్లే 2022లో అప్పుల్లో మునిగి చేతులు మారాయి. స్పెన్సర్స్ 2024లో తెలుగు రాష్ట్రాల నుంచే తప్పుకుంది.

ఈ వరుస చూస్తే మూతపడిన షట్టర్లలో పెద్దవాళ్లవే ఎక్కువ కనిపిస్తాయి. ఇంట్లోనే కొట్టు, ఇంటివాళ్లే పనివాళ్లు, అద్దె లేదు, జీతాలు లేవు అనుకునే వీధి కొట్టుకు ఉన్న సత్తువ వీటికి లేకపోయింది. కానీ దీన్నిబట్టి చిన్న కొట్టుకు ఢోకా లేదనుకోవడం తొందరపాటు. ఓడిపోయిన గొలుసులన్నీ అప్పు మీద, అద్దె మీద పెరిగినవి. సొంత స్థలంలో, తక్కువ అప్పుతో, నెమ్మదిగా పెరిగినవి నిలిచాయి. ఇప్పుడు హైవే పక్కకు వస్తున్నవి ఈ రెండో రకం. సుభిక్ష కూలిపోయిన కథ చెప్పుకుని ధైర్యం తెచ్చుకునే వర్తకుడికి నేను చెప్పేది ఇదే.

అధ్యయనాల సంగతికి వస్తాను. మన దేశంలో ఎక్కువగా ప్రస్తావనకు వచ్చేది ఇక్రియర్ అనే ఆర్థిక పరిశోధన సంస్థ 2008లో ఇచ్చిన నివేదిక. 10 పెద్ద నగరాల్లో 2,020 చిన్న దుకాణాలను పరిశీలించారు. పెద్ద దుకాణాల దగ్గర్లో ఉన్న కొట్లకు మొదటి సంవత్సరాల్లో అమ్మకాలూ లాభాలూ తగ్గాయని, కాలం గడిచేకొద్దీ ఆ దెబ్బ తీవ్రత తగ్గిందని తేల్చారు. ఏడాదికి మూతపడుతున్న కొట్లు 4.2 శాతం. పెద్ద దుకాణాల పోటీ వల్లే మూతపడుతున్నవి ఏడాదికి 1.7 శాతం. 2012 సెప్టెంబరులో కేంద్రం బహుళ బ్రాండ్ల చిల్లర వ్యాపారంలో 51 శాతం విదేశీ పెట్టుబడికి తలుపు తీసినప్పుడు ఈ అంకెలు బాగా వినిపించాయి. ఆ విధానానికి సమ్మతి తెలిపిన రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పది లక్షల జనాభా దాటిన నగరాలకే అనుమతి అన్న షరతు వల్ల విశాఖ ఆ జాబితాలోకి వచ్చేది.

ఆ 1.7 శాతాన్ని చిన్నదని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు, పదేళ్లు పోగేస్తే ఎంతవుతుందో చూడమనేవాళ్లూ ఉన్నారు. నా అభ్యంతరం వేరు. ఆ సర్వే నాటికి గొలుసు దుకాణాలు ఇంకా తప్పటడుగుల్లో ఉన్నాయి, చదివినది మహానగరాలను. తగరపువలస లాంటి చోట పెద్ద దుకాణం వేరు, ఊరు వేరు. దుకాణం హైవే మీద వస్తుంది, వాహనం ఉన్నవాడు వెళ్తాడు, లేనివాడు ఊళ్లోనే ఉంటాడు. అలాంటి చోట కొట్టు ఉందా పోయిందా అన్న లెక్కకన్నా, తెరిచి ఉన్న కొట్టు లోపల ఏం మిగిలిందన్నది ముఖ్యం.

దానికి దగ్గరగా వచ్చిన అధ్యయనం మెక్సికో మీద జరిగింది. డేవిడ్ అట్కిన్, బెంజమిన్ ఫేబర్, మార్కో గొంజాలెజ్ నవారో 2018లో ప్రచురించారు. విదేశీ సూపర్ మార్కెట్లు వచ్చిన ఊళ్లలో సగటు కుటుంబానికి దాదాపు 6 శాతం మేలు జరిగిందని తేల్చారు. ఆ మేలు ముఖ్యంగా ధరలు తగ్గడం వల్ల వచ్చింది. పోటీకి తట్టుకోలేక ఊరి దుకాణాలు కూడా ధరలు కొంత దించాయి. అదే ఊళ్లలో సంప్రదాయ దుకాణాల లాభాలు పడిపోయాయి, కొన్ని మూతపడ్డాయి, వాటిలో పనిచేసేవాళ్ల ఆదాయాలు తగ్గాయి. ఇంకొక సంగతి ఏమిటంటే, మేలు అందరికీ వచ్చినా ఉన్నవాళ్లకు ఎక్కువ వచ్చింది. అమెరికాలో పాన్లే జియా 2008లో చేసిన లెక్క ప్రకారం, 1980ల చివరి నుంచి పదేళ్లలో చిన్న డిస్కౌంట్ దుకాణాల సంఖ్యలో వచ్చిన మార్పులో 40 నుంచి 50 శాతం వాల్‌మార్ట్ విస్తరణ వల్ల వచ్చిందే. అక్కడ షట్టర్లు నిజంగానే పడిపోయాయి, ఎందుకంటే అక్కడ దాదాపు ప్రతి ఇంటికీ కారుంది.

ధర తగ్గడాన్ని నేను చిన్నచూపు చూడను. 2023-24 గృహ వినియోగ సర్వే ప్రకారం గ్రామాల్లో ఇంటి ఖర్చులో 47 శాతం, పట్టణాల్లో దాదాపు 40 శాతం తిండికే పోతోంది. నూనె ప్యాకెట్ మీద పది రూపాయలు, సబ్బుల మీద ఇరవై రూపాయలు మిగలడం ఒక చిన్న ఉద్యోగి ఇంట్లో పిల్లవాడి ట్యూషన్ ఫీజు అవుతుంది. మార్ట్‌కు వెళ్లేవాళ్లను ఊరిమీద ప్రేమ లేనివాళ్లన్నట్టు మాట్లాడటం తప్పు. నా అభ్యంతరమల్లా ఆ మిగులు ఎవరికి అందుతుందన్న దగ్గరే.

పదిరోజుల కిందట సాయంత్రం అదే కొట్టు దగ్గర నిలబడి ఉన్నాను. ఒకామె వచ్చింది, చేతిలో ఖాళీ సీసా. "బావూ, పావు నూనె, అరకేజీ పంచదార, ఒక షాంపూ ఇయ్యి. రాసుకో, శనివారం కూలి డబ్బులొస్తాయి." యజమాని ఖాతా పుస్తకం తిప్పాడు. "అప్పా, పాతది నూట ఎనభై ఉంది." "ఇచ్చేస్తాన్లే బావూ." అతను సీసా అందుకున్నాడు. పుస్తకంలో గీత గీయలేదు, వడ్డీ రాయలేదు. ఆమె పేరు కింద ఇంకో పద్దు చేరింది, అంతే.

ఆ పావు నూనె లీటరు ధరకు లెక్కేస్తే మార్ట్ ధర కన్నా ఎక్కువే. ఆమెకు అది తెలియక కాదు. మార్ట్‌లో లీటరు ప్యాకెట్ కొనాలంటే చేతిలో లీటరు డబ్బు ఉండాలి, ఆటో చార్జీ ఉండాలి, వెళ్లి రావడానికి ఒక పూట ఉండాలి. అక్కడ రాసుకోమంటే రాసుకునేవాడు ఉండడు. కాబట్టి డిస్కౌంట్ ఆమె దాకా రాదు. ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే. తర్వాతి అడుగు మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నెల మొదట్లో వచ్చే రొక్కం పోయాక కొట్టు యజమాని ఆమెకు ఎంతకాలం అప్పు ఇవ్వగలడు? ఏజెన్సీ వ్యాను వారానికి ఒకసారి వచ్చి నిలబడుతుంది, పాత బిల్లు కట్టందే కొత్త సరుకు దించదు. గల్లాపెట్టెలో రొక్కం లేకపోతే అతను చేసేది రెండే పనులు. చిల్లర సరుకు ధర కొంచెం పెంచుతాడు, లేదా ఖాతా పుస్తకంలో పేర్లు తగ్గిస్తాడు. హైవే మీద ఉద్యోగికి తగ్గిన ధరలో కొంత భాగం చుట్టూ తిరిగి సీసా పట్టుకొచ్చిన ఆమె నెత్తిన పడుతుంది. ఏ ధరల సూచీలోనూ ఇది కనిపించదు.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఈ పుస్తకం విలువ అందరికీ తెలిసింది. ఉదయం కొద్ది గంటలే బజారు తెరిచేవారు. రవాణా ఆగిపోయింది, పని లేదు, చేతిలో డబ్బు లేదు. ఆ రోజుల్లో ఊళ్లను మోసింది రేషన్ బియ్యమూ, వీధి కొట్ల అప్పూ. ఆ బాకీల్లో కొన్ని ఈనాటికీ తీరలేదని వర్తకులు చెబుతారు. తీరవని తెలిసే ఇచ్చామని కూడా చెబుతారు.

ప్రభుత్వాల విషయానికి వస్తే, తెలియకుండా అవి పెద్దవాళ్ల వైపే కాటా వంచాయని నా అభిప్రాయం. 2022 జులై 18 నుంచి ముద్ర వేసి ప్యాక్ చేసిన బియ్యం, పప్పు, పిండి 25 కిలోల దాకా ఉంటే 5 శాతం జీఎస్టీ పడింది. విడిగా తూచి అమ్మితే పన్ను లేదు. బియ్యం మిల్లులు ఏం చేశాయో మన ఇళ్లలోని బస్తాలే చెబుతాయి. 25 కిలోల బస్తా 26 కిలోలైంది. విడి సరుకు అమ్మే వీధి కొట్టుకు ఇది కాస్త అనుకూలమే. కానీ 2025 సెప్టెంబరు 22న స్నానపు సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టుల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగినప్పుడు దృశ్యం మారింది. పెద్ద దుకాణాల కంప్యూటర్లో ధర రాత్రికి రాత్రే మారింది. కాంపోజిషన్ పథకంలో ఉన్న చిన్న కొట్టుకు, కొన్నప్పుడు కట్టిన పన్నును సర్దుకునే ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు, 18 శాతం కట్టి కొన్న సరుకు అరలోనే ఉంటుంది, గుమ్మంలో కొనేవాళ్లు "తగ్గింది కదా" అని అడుగుతారు. పన్ను తగ్గించడం మంచిదే. ఆ మార్పును ఎవరు భరించాలన్నది ఎవరూ ఆలోచించలేదు.

చట్టం సంగతి కూడా అంతే. నష్టానికి అమ్మి పోటీదారును చంపడం నేరం కాదా అని వర్తక సంఘాలు అడుగుతాయి. పోటీ చట్టం, 2002 ప్రకారం అది చట్ట ఉల్లంఘన కావాలంటే అమ్మేవాడు ముందు మార్కెట్‌లో ఆధిపత్య స్థానంలో ఉన్నాడని రుజువు కావాలి. కోటికి పైగా కిరాణా కొట్లున్న దేశంలో ఏ గొలుసుకూ ఆ పేరు రాదు. తగరపువలస బజారును ఒక ప్రత్యేక మార్కెట్‌గా చూసేవాళ్లు ఢిల్లీలో లేరు.

నా ఉద్దేశంలో అసలు పోరు అమ్మకం దగ్గర కాదు, కొనుగోలు దగ్గర జరుగుతోంది. 2021 డిసెంబరులో అఖిల భారత వినియోగ వస్తువుల పంపిణీదారుల సమాఖ్య పెద్ద కంపెనీలకు లేఖ రాసింది. చిన్న కొట్లకు తాము ఇవ్వగలిగే మార్జిన్ 8 నుంచి 12 శాతమైతే, బడా ఆన్‌లైన్ హోల్‌సేల్ సంస్థలు అదే కంపెనీ సరుకు మీద 15 నుంచి 20 శాతం ఇస్తున్నాయని, అందరికీ ఒకే ధర ఉండాలని దాని సారాంశం. కొత్త సంవత్సరంలో మహారాష్ట్రలో కొన్ని కంపెనీల సరుకును బహిష్కరించే దాకా వెళ్లారు. 2024లో అదే సమాఖ్య, పది నిమిషాల్లో సరుకు తెచ్చిచ్చే యాప్‌ల వల్ల ఒక్క ఏడాదిలో రెండు లక్షల కొట్లు మూతపడ్డాయని ప్రకటించింది. ఆ అంకె ఒక పక్షం చెప్పినది, దాన్ని అలాగే తీసుకోవాలి. కానీ ఒకే సబ్బు, ఒకే కంపెనీ, కొనేవాడిని బట్టి వేర్వేరు ధర అన్న ఫిర్యాదును కొట్టిపారేయలేం.

ఈ కథలో ఒక మలుపు నన్ను ఎక్కువ కలవరపెట్టింది. జర్మనీ కంపెనీ మెట్రో 2003లో బెంగళూరుతో మొదలుపెట్టి కిరాణా వర్తకులకే సరుకు అమ్మే హోల్‌సేల్ దుకాణాలు నడిపింది. విశాఖలోనూ ఒకటి ఉండేది. చిన్న వర్తకులు కార్డు చూపించి అక్కడ సరుకు ఎత్తేవారు. దేశంలోని ఆ 31 దుకాణాలనూ రిలయన్స్ రిటైల్ 2,850 కోట్ల రూపాయలకు కొనడం 2023లో పూర్తయింది. తనతో పోటీ పడే దుకాణాల యజమాని దగ్గరే వీధి వర్తకుడు సరుకు కొనాల్సిన రోజు వచ్చింది. ఇందులో చట్టవిరుద్ధమేమీ లేదు. కానీ ఒక వర్తకుడికి పోటీదారే హోల్‌సేలర్ అయితే వాడి బేరమాడే శక్తి ఎంత మిగులుతుంది?

గొలుసు దుకాణాలకు ఇవ్వాల్సిన మెప్పు కూడా ఇవ్వాలి. వాటిలో పనిచేసే ఆడపిల్లలకూ కుర్రాళ్లకూ పీఎఫ్ ఉంటుంది, జీతం బ్యాంకులో పడుతుంది. వీధి కొట్టులో చీటీ చదివే కుర్రాడికి ఆ రెండూ లేవు. తూకం మీద అనుమానం ఉండదు, బిల్లు చేతికొస్తుంది. ఆడవాళ్లు ఎవరి చూపులూ పట్టించుకోకుండా అరల మధ్య తిరిగి, తమకు కావలసింది తామే ఎంచుకుంటారు. ఇది చిన్న విషయమని మగవాళ్లు అనుకుంటారు గానీ, మా ఇంట్లో అడిగితే ధర తర్వాత చెప్పే కారణం అదే. మరోవైపు, పక్క వీధిలో అప్పడాలు ఒత్తి, కారం దంచి, వడియాలు పెట్టి వీధి కొట్లకు వేసే ఇళ్లు ఉన్నాయి. ఏ గొలుసు దుకాణం అరలోనూ వాటికి చోటు దొరకదు. ఆ కొట్టు చిక్కితే ఆ ఇళ్లూ చిక్కుతాయి.

ప్రభుత్వం తానే డిస్కౌంట్ దుకాణం నడిపిన అనుభవం మనకు లేకపోలేదు. 1999 జనవరి 26న మొదలైన రైతుబజార్లు ఆ పనే చేశాయి. దళారీ లేకుండా రైతు అమ్ముతాడు, ధరల బోర్డు గేటు దగ్గర ఉంటుంది. విశాఖ ఎంవీపీ కాలనీ రైతుబజారు రద్దీ చూసినవాళ్లకు దాని బలం తెలుసు. బియ్యం విషయంలో రేషన్ వ్యవస్థే అన్నిటికన్నా పెద్ద డిస్కౌంట్ దుకాణం. 2021లో ఇంటి ముందుకు వాహనాలొచ్చాయి, 2025 జూన్ 1 నుంచి పంపిణీ మళ్లీ చౌక దుకాణాలకే తిరిగింది. కూరగాయలకు, బియ్యానికి దారి దొరికింది. పప్పు, నూనె, సబ్బుకు దొరకలేదు. పులివెందులలో పొదుపు సంఘాల మహిళలు వాటాలు వేసుకుని మార్ట్ తెరిచిన ప్రయోగం ఆ లోటును తాకింది. అలాంటివి ఊరూరా నిలదొక్కుకోవాలంటే సమస్య మళ్లీ కొనుగోలు దగ్గరికే వస్తుంది.

ఇక్కడ జర్మనీ కథ ఒకటి చెప్పాలి. డిస్కౌంట్ దుకాణానికి పుట్టిల్లు ఆ దేశం. ఎస్సెన్ పట్టణంలో తల్లి నడిపిన చిన్న కొట్టు నుంచి అల్బ్రెక్ట్ సోదరులు ఆల్డీని పెంచారు. కానీ ఈరోజు ఆ దేశంలో అతిపెద్ద సరుకుల వ్యాపారి ఆల్డీ కాదు, ఎడెకా. 1898లో బెర్లిన్‌లో కొందరు చిల్లర వర్తకులు ఒక్కొక్కరూ విడిగా హోల్‌సేలర్ దగ్గరికి వెళ్లి ఓడిపోవడం కన్నా కలిసి కొందామని పెట్టుకున్న సహకార సంఘం అది. ఆ సంఘం పేరులోని పొడి అక్షరాలనే పలికితే ఎడెకా అయింది. దుకాణాలు ఇప్పటికీ చాలావరకు విడివిడి యజమానులవే. కొనడం మాత్రం ఉమ్మడి. ఆల్డీ పుట్టిన గడ్డ మీదే ఆల్డీని మించి నిలిచింది చిన్న వర్తకుల సంఘం. మన దగ్గర వర్తక సంఘాలు లేక కాదు. అవి బంద్‌కు పిలుపిస్తాయి, వినాయక చవితికి పందిరి వేస్తాయి, లైసెన్సు ఫీజు మీద వినతిపత్రం ఇస్తాయి. కలిసి ఒక లారీ నూనె కొన్న సంఘాన్ని మాత్రం నేను ఇక్కడ చూడలేదు.

మా కొట్టు యజమానితో ఈ మాటే అన్నాను. అతను నవ్వలేదు, కొట్టిపారేయలేదు. ఆ వీధిలోని మరో ముగ్గురితో కలిసి విజయనగరం నుంచి ఒకే ట్రాలీ ఆటోలో నూనె కేసులు తెప్పిద్దామని తానే అంతకుముందు మాట కదిపానన్నాడు. నాలుగు కొట్లకు కలిపి ఎన్ని కేసులు కావాలో కాగితం మీద లెక్క కూడా వేశారట. ఆ కాగితం చువ్వకే గుచ్చి ఉంది, ఇంగువ చీటీల మధ్య. రొక్కం ముందు ఎవరు పెట్టాలన్న దగ్గర మాట ఆగిపోయింది. నలుగురి డబ్బూ ఖాతా పుస్తకాల్లోనే ఉంది.